13 ఎం.ఎం. పాత డ్రిల్లింగ్ మిషన్: పద్దుతో సహా

పాతది కొంటే డబ్బు మిగులుతుందనే ఆశతో ఈ సమీక్ష చదువుతున్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగలదు. నేను 34 ఏళ్లు రైల్వే అకౌంట్స్‌లో పనిచేసిన మనిషిని. రూపాయి ఎటు పోయిందో రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. మిషన్ కొన్న ధర 6,500. దాన్ని నిలబెట్టేసరికి పద్దు 13,200కు చేరింది. అదే సైజు కొత్త మిషన్‌కు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో 11,500 చెప్పారు. అంటే 1,700 అదనంగా పెట్టి, మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని మరీ పాతది తెచ్చుకున్నానన్నమాట. మా ఆవిడ ఈ లెక్కను ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు అందిస్తుంది.

అయినా మళ్లీ కొనవలసి వస్తే పాతదే కొంటాను.

మా నాన్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టరు. 1893లో నిజాం రైల్వే వాళ్లు పెట్టిన షాపు అది. మల్కాజిగిరిలో ఇంటి గడియారాన్ని ఆ షాపు సైరన్‌తోనే సరిచేసుకునేవాళ్లం. ఆయన నన్ను మాత్రం ఆకురాయి ముట్టుకోనివ్వలేదు. "నీ చేతికి నూనె అంటకూడదురా" అని కామర్సులో చేర్చారు. ఉద్యోగం పూర్తయ్యాక వెనక వసారాలో బల్ల వేసుకుని, వస్తువును కదలకుండా పట్టే వైసు బిగించుకుని, అరవై ఏళ్లు వచ్చాక నూనె అంటించుకున్నాను. చేతి డ్రిల్లుతో తులసికోట స్టాండుకు నాలుగు కాళ్లకూ రంధ్రాలు పెడితే నాలుగూ నాలుగు దిక్కులకు చూశాయి. నిటారుగా దిగే మిషన్ కావాలని అప్పుడే తేలిపోయింది.

ఆషాఢంలో, బోనాల ఆదివారాలు మొదలైన రోజుల్లో, సికింద్రాబాద్‌లోని ఒక పాత ఇనుము కొట్టులో దీన్ని చూశాను. కొట్టు పేరు చెప్పను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. బల్లమీద పెట్టుకునే రకం. 13 ఎం.ఎం. వరకు బిట్టు పట్టే చక్కు, నాలుగు మెట్ల పుల్లీలు, అర హార్స్‌పవర్ మోటారు. మిషన్ పేరు పలక ఎప్పుడో ఊడిపోయి రెండు రివెట్ల తూట్లు మాత్రం మిగిలాయి. మోటారు పలక మీద 1974 అని ఉంది. ఒళ్లంతా చిలకపచ్చ రంగు, ఇంకా వాసన కూడా పోలేదు. పాత మిషన్ మీద కొత్త రంగు, పెళ్లిచూపులకు అబ్బాయి అరువు తెచ్చుకున్న కోటు లాంటిది. కోటు బాగుందని సంబంధం ఖాయం చేసుకోకూడదు.

నాన్న ఎవరితోనో అంటుండగా చిన్నప్పుడు విన్న మాట ఒకటి గుర్తుంది: "మిషన్ కొనేటప్పుడు మొహం చూడకు, మెడ పట్టుకుని ఊపు." మెడ అంటే స్లీవ్, హ్యాండిల్ తిప్పితే కిందికి దిగే గొట్టం. దాన్ని చివరిదాకా దించి, చక్కు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాను. వేలికి తెలిసీ తెలియనంత కదలిక. తర్వాత పుల్లీని చేత్తో తిప్పాను. ఇసుక నమిలినట్టు కరకర. కొట్టతని మొహం వాడిపోయింది, నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. కరకర బేరింగులది. అవి బజారులో దొరుకుతాయి. స్లీవూ, అది జారే పోత ఇనుప బోరూ అరిగిపోతే బజారులో దొరకవు. బోరు మళ్లీ కోయించి, దానికి సరిపడా స్లీవ్ చేయించాలంటే మిషన్ ధర దాటిపోతుంది. ఈ సమీక్షలో మరేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి: అరిచే మిషన్ కొనవచ్చు, ఊగే మిషన్ కొనకూడదు.

టేబుల్ మీద తూట్లు లెక్కపెట్టాను, 11. కింద చెక్క పెట్టుకోవడానికి బద్ధకించిన 11 మంది పనివాళ్ల సంతకాలు. ధర 8,000 అన్నాడు. తూటుకు నూరు చొప్పున 1,100 కొట్టేయమన్నాను. ఆ లెక్కకు పకపకా నవ్వి, చివరికి 6,500కు ఇచ్చాడు. "మోటారుకు కొత్త వైండింగు సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. కళ్లు మూసుకునే తీసుకెళ్లాను. ఆటో ట్రాలీకి 700. దారిలో ఒక వీధి నిండా బోనాలెత్తిన ఆడవాళ్లు, ముందు పోతురాజు. డప్పుల మధ్య గంటసేపు మిషన్‌ను పట్టుకుని ట్రాలీలో కూర్చున్నాను.

ఇంట్లో స్విచ్చు వేస్తే మోటారు మూలిగింది తప్ప తిరగలేదు. బెల్టు తీసేసి, షాఫ్టుకు నూలు తాడు చుట్టి, బొంగరాన్ని లాగినట్టు లాగి వెంటనే స్విచ్చు వేశాను. తిరుగుడు అందుకుంది. ఒకసారి కదిలాక ఆగకుండా సాగుతోందంటే వైండింగు బతికే ఉన్నట్టు. చెడింది మొదటి ఊపు ఇచ్చే కెపాసిటర్ గానీ, వేగం రాగానే దాన్ని పక్కకు తప్పించే సెంట్రిఫ్యూగల్ స్విచ్చు గానీ అయి ఉండాలి. విప్పి చూస్తే రెండూను. కెపాసిటర్ ఉబ్బింది, స్విచ్చు పాయింట్లు కాటుక పెట్టుకున్నట్టు ఉన్నాయి. కెపాసిటర్ 160 రూపాయలు, పాయింట్లకు సన్నని ఎమెరీ కాగితం. ఇక కొత్త వైండింగు సంగతి: తీగల మీద పేరుకున్న దుమ్ము, దాని కింద నల్లబడిన వార్నిషు చూస్తే, 'కొత్త' అనే మాటకు అతని నిఘంటువులో అర్థం వేరే ఉన్నట్టుంది.

రంగు తీయడం అసలు కథ. పాత రంగుల్లో సీసం ఉండే వీలుంది కాబట్టి పొడిగా రుద్దలేదు. రంగు తీసే ద్రావకం పూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడి మీదే గీకాను. చిలకపచ్చ కింద బూడిద, దాని కింద ముదురు నీలం. మూడు రంగులంటే మూడు చేతులు మారిందనుకున్నాను. టేబుల్‌ను స్తంభానికి బిగించే చెవి ఒకటి ఉంటుంది, మధ్యలో చీలి, బోల్టుతో దగ్గరకు లాక్కునేది. అక్కడ గీకుతుంటే కత్తి మెత్తగా లోపలికి దిగింది. ఇనుములోకి కత్తి దిగదు. ఆపి, వేలితో నొక్కి, మళ్లీ గుచ్చాను. గోడ మీద చెమ్మకు లేచిన సున్నపు పెళ్లలా ఒక ముక్క ఊడి చేతిలో పడింది. పుట్టీ. దాని వెనక, బోల్టు తూటు నుంచి అంచు దాకా, వెంట్రుకంత నల్లటి గీత. పగులు. చిలకపచ్చ రంగు ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది.

ఊడిన ముక్కను కాగితంలో పొట్లం కట్టుకుని కొట్టుకు వెళ్లాను. "మీరు చూసుకునే కదా సార్ తీసుకున్నారు" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడం మరీ కష్టంగా తోచింది. మెడ ఊపాను గానీ చెవి చూడలేదు. మీరు కొనేటప్పుడు బిగింపు చెవుల చుట్టూ గోరుతో గీకి చూడండి, లేదా చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది సరిగ్గా అంటుకోదు.

పగిలిన చెవి ఉన్న భాగాన్ని పట్టుకుని బాలానగర్ వెళ్లాను. హైదరాబాదులో ఇంకా చేత్తో ఇనుము పని తెలిసినవాళ్లు వరసగా దొరికే చోటు అది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను 1968లో పెట్టింది కూడా బాలానగర్‌లోనే. ఒక సందులో రెండు లేత్‌లు, ఒక షేపరు పెట్టుకున్న కుర్రాడి దగ్గర ఆగాను. నన్ను చూడగానే "ఏం విరగ్గొట్టుకొచ్చారు బాబాయ్?" అన్నాడు. పోత ఇనుమును మామూలు వెల్డింగు రాడ్డుతో అతికిస్తే చల్లారేటప్పుడు పక్కనే మళ్లీ చిట్లుతుందట. అతను ముందు పగులు కొసన ఒక చిన్న తూటు పెట్టాడు, పగులు ఇంకా పాకకుండా. తర్వాత గీత పొడుగునా వాలుగా గాడి తీశాడు. ముక్క మొత్తాన్ని నెమ్మదిగా వేడెక్కించి ఇత్తడి కడ్డీతో నింపాడు, వెంటనే వెచ్చటి బూడిదలో పాతిపెట్టాడు. "రేపు రండి బాబాయ్, ఇది తొందరపడితే మళ్లీ ఏడుస్తుంది." మర్నాడు తీసి చూస్తే నల్లటి ఇనుములో పచ్చటి గీత, నగ అతికినట్టు. 600 తీసుకున్నాడు. ఏడు నెలలుగా బిగిస్తున్నాను, విప్పుతున్నాను. దాని మీద రంగు వేయలేదు, కనబడనిచ్చాను.

బేరింగుల దగ్గర నాలోని గుమాస్తాకు పండగ. స్లీవులో కింద 6204, పైన 6203, మోటారులో రెండు 6203. చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది. 04 అయితే 20, 05 అయితే 25. మరి 03 అయితే 15 రావాలి, రాదు, 17. ఎందుకంటే 00, 01, 02, 03లకు సూత్రం చెల్లదు. అవి వరుసగా 10, 12, 15, 17. రైల్వే పాస్ నిబంధనల్లో కూడా ఇన్ని మినహాయింపులు లేవు. రెండువైపులా రబ్బరు సీలున్నవి తీసుకున్నాను, ఇనుప రజను లోపలికి పోకుండా. రాణీగంజ్‌లో మొదట వెళ్లిన చోట సగం ధరకు ఇస్తామన్నారు, బిల్లు మాత్రం ఉండదన్నారు. పెట్టె మీది అక్షరాలు బొటనవేలికి అంటుకున్నాయి. బయటికొచ్చి, పక్క వీధిలో బిల్లుతో 1,150 పెట్టి నాలుగూ కొన్నాను.

స్లీవ్ లోపల తిరిగే కడ్డీని, అంటే స్పిండిల్‌ను, సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజరులో పెట్టాను, చల్లబడితే కాస్త ముడుచుకుంటుందని. మర్నాడు పొద్దున దోసెపిండి కోసం ఫ్రిజ్ తెరిచిన మా ఆవిడ, పై అరలో మూటకట్టి ఉన్నదేమిటని అడిగింది. చెప్పాను. మిగతా సంభాషణ సమీక్షకు సంబంధించినది కాదు. బేరింగును ఇస్త్రీపెట్టె మీద చెయ్యి చురుక్కుమనేంత వెచ్చబెట్టి తొడిగితే ముప్పాతిక వరకు దానంతటదే జారింది. మిగిలిన పాతికకు లోపలి రింగు మీద మాత్రమే ఆనే ఇనుప గొట్టం ముక్క పెట్టి తట్టాను. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి వాటి దారిలో గుంటలు చేస్తుంది, కొత్త బేరింగు మొదటి రోజే పాతదవుతుంది.

ఇక ఊగుడు కొలిచే డయల్ గేజ్. బాలానగర్ కుర్రాడే నాలుగు రోజులకు అరువిచ్చాడు. ఒక్క గీత అంటే మిల్లీమీటరులో నూరోవంతు. చక్కులో నిటారైన కడ్డీ బిగించి, గేజ్ ముల్లును దానికి ఆనించి, పుల్లీని చేత్తో నెమ్మదిగా తిప్పాను. ముల్లు అటు పోయి ఇటు వచ్చింది: 42 గీతలు. దాదాపు అర మిల్లీమీటరు ఊగుడు. గుండె జారింది. స్పిండిల్ వంగిందంటే కథ కంచికే. రెండు ఆప్పులు (వెడ్జ్‌లు) దూర్చి చక్కు ఊడదీసి, గేజ్‌ను నేరుగా స్పిండిల్ కొసన ఉన్న టేపరు మీద, అంటే చక్కు కూర్చునే సన్నబడిన భాగం మీద పెట్టాను. రెండు గీతలు. రెండే! వంకర చక్కుది, స్పిండిల్‌ది కాదు. టేపరు మీద గోరు మెల్లగా జారిస్తే ఒకచోట పట్టుకుంది. నువ్వుగింజలో సగమైనా లేని బొడిపె, ఎవరో ఎప్పుడో సుత్తితో కొట్టిన గుర్తు. సానరాయికి నూనె రాసి, బొడిపె నెత్తి మీద మాత్రమే, గోరు పట్టుకోనంత వరకు అరగదీశాను. కొత్త చక్కుకు 1,400. దాని పళ్లను పూర్తిగా లోపలికి ముడిపించి, కింద చెక్క పెట్టి ఒక్క దెబ్బ. ముల్లు ఏడు గీతల దగ్గర ఆగింది. ఇంటి పనికి ఇంతకన్నా అక్కర్లేదు.

మనం వాడే తాళంచెవి రకం చక్కు 1902లో ఆర్థర్ జేకబ్స్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్నది. పాతరకం చక్కు బిగిస్తూ పిడికిలి చెక్కుకుపోయి విసిగి కనిపెట్టాడట. నాన్న కుడిచేతి కణుపుల మీద కూడా తెల్లటి మచ్చలుండేవి. అవి ఏ మిషన్‌వో ఎప్పుడూ అడగలేదు.

తుప్పు సంగతి త్వరగా ముగిస్తాను, అందరూ దాని గురించే భయపడతారు గానీ అన్నిటికన్నా తేలిక అదే. హ్యాండిళ్లు, బోల్టులు వగైరాలను బక్కెట్లో వాషింగ్ సోడా నీళ్లలో వేసి, కారు బ్యాటరీ చార్జరుతో ఒక రాత్రి ఉంచాను. మైనసు మన వస్తువుకు, ప్లస్సు పనికిరాని ఇనుప ముక్కకు. ఆ ముక్క స్టెయిన్‌లెస్ కాకూడదు, నీళ్లలోకి విషం దిగుతుంది. ఆరుబయటే పెట్టండి, బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. స్తంభాన్ని మాత్రం డీజిలు, ఎమెరీతో చేత్తోనే రుద్దాను. సాయంత్రం వెండి కడ్డీలా మెరిసింది. శ్రావణం ముసురు కదా, పొద్దున్నకు మళ్లీ గోధుమరంగు. రుద్దిన నిమిషంలోనే నూనె పూయకపోతే వానాకాలంలో ఆ పని వృథా. ఇత్తడి లోతు స్కేలును మా ఆవిడ చింతపండుతో తోమి ఇచ్చింది. మొత్తం మిషన్‌లో ఒక్కసారికే లొంగిన భాగం అది.

రెండు ఖర్చుల్లో మాత్రం పిసినారితనం చేయకండి. పాత తీగకు ఎర్త్ లేదు, రెండే తీగలు. యాభై ఏళ్ల మోటారు, ఇనుప ఒళ్లు, వానాకాలం వసారా. మూడు తీగల వైరు, ప్లగ్గు, మిషన్ ఒంటికి ఎర్త్: 340. రెండోది, బోరు మోటార్లకు పెట్టే స్టార్టర్, 1,250. కరెంటు పోయి వచ్చినప్పుడు మామూలు స్విచ్చుతో ఉన్న మిషన్ దానంతటదే గిర్రున లేస్తుంది, అప్పటికి మన చెయ్యి చక్కు దగ్గర ఉండవచ్చు. స్టార్టర్ అయితే మళ్లీ పచ్చ బొత్తాం నొక్కేదాకా కదలదు. బెల్టు 220, రంగు 480, డీజిలు, ఎమెరీ, చిల్లర 400. పద్దు పూర్తయింది. కూడి చూసుకోండి.

పద్దులో కలపనిది ఒకటుంది: 900, మూడు కుట్లు. పలుచటి అల్యూమినియం పలకను చేత్తో పట్టుకుని తూటు పెడుతుంటే, బిట్టు అవతలికి దిగే క్షణంలో పలకను పట్టేసి గిరగిరా తిప్పింది. అది వైద్యం పద్దు. ఇప్పుడు వైసు లేకుండా ఏదీ ముట్టను. చేతి తొడుగులు వేసుకోను, మెడలో తువ్వాలు ఉంచుకోను. దసరాకు ఆయుధపూజ రోజున మా ఆవిడ వేసిన బంతిపూల దండను కూడా తీసి పక్కన పెట్టాకే బొత్తాం నొక్కాను.

పని ఎలా చేస్తుందంటే, రాణీగంజ్‌లో చూసిన కొత్తదాని స్తంభాన్ని చేత్తో నెడితే వెదురుబొంగులా స్పందించింది. దీని స్తంభం ముందు నేనే కదులుతాను. 10 ఎం.ఎం. బిట్టును ఇనుప పట్టీలోకి దించితే చుట్టలు చుట్టలుగా పొట్టు లేస్తుంది, టేబుల్ వంగదు, తూటు నిటారుగా దిగుతుంది. నేను అదనంగా ఇచ్చిన 1,700 ఈ బరువుకే. తులసికోట స్టాండు కాళ్లు మళ్లీ చేశాను, నాలుగూ నేలకు ఆనాయి. ఎదురింటి వాళ్ల ఊయల కొక్కేల పట్టీలు కూడా నావే.

లోపాలున్నాయి. స్తంభానికి పళ్ల పట్టీ లేదు, టేబుల్ ఎత్తు మార్చాలంటే బోల్టు వదులు చేసి రెండు చేతులతో ఎత్తాలి. ఎత్తేటప్పుడు పక్కకు తిరిగిపోతుంది, సూటి మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి. బెల్టు మార్చడం ఐదు నిమిషాల తతంగం. టేబుల్ కొద్దిగా వాలి ఉండేది. చక్కులో వంచిన తీగ బిగించి చుట్టూ తిప్పి చూసి, కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి కింద దూర్చాను. ఆ 11 తూట్లు అలాగే ఉన్నాయి, మీద చెక్క పరిచాను.

పెద్ద లోపం వేగం. పుల్లీల కొలతల ప్రకారం నిమిషానికి 510, 1,050, 1,970, 4,060 చుట్లు. మెత్తని ఉక్కును నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలనుకుంటే 10 ఎం.ఎం. బిట్టుకు 800 చుట్లు చాలు, కాబట్టి 510 మెట్టు మీద నిశ్చింతగా సాగుతుంది. స్టెయిన్‌లెస్‌కు ఆ 800లో సగమో, అంతకన్నా తక్కువో కావాలి. నా మిషన్ అంత నెమ్మదిగా తిరగలేదు. పైగా స్టెయిన్‌లెస్‌ను బిట్టు కోయకుండా రాచుకుంటే అక్కడే ఇంకా గట్టిపడుతుంది. మేడమెట్ల కమ్మీకి తూట్లు పెట్టబోయి రెండు బిట్లు నీలంగా మాడ్చాను. మూడోది మాడ్చకుండా కమ్మీని స్కూటరుకు కట్టుకుని బాలానగర్ వెళ్లాను. కుర్రాడు లేత్ ఆపి, కమ్మీ మీది నల్లటి మచ్చలు చూసి, "మీ మిషన్ బాగా తిరుగుతున్నట్టుంది బాబాయ్" అన్నాడు.